మొదటి లాట్ టీకా

కొత్త రంగు చీరలు మార్కెట్లోకి వస్తే మొదటి లాట్ మా షాపులో దిగదు. పక్కవాళ్లు అమ్మాలి, కొన్నవాళ్లు ఉతకాలి, రంగు నిలిచిందని మాకు తెలియాలి. ఆ తర్వాతే రెండో లాట్ తెస్తాం. మనవాళ్లు మగ్గం పనికి వలసొచ్చే అమ్రోలిలో మా బాపు ఇన్నేళ్లూ షాపు నడిపింది ఆ పద్ధతి మీదే. కరోనా టీకా వచ్చినప్పుడూ అదే మాటన్నాడు.

"రెండో లాట్ రానీ బిడ్డా. జర ఆగుదాం."

ఆయనకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. రెండో వేవ్ మొదలైంది. మా దగ్గర చీరలు కొనే మగ్గం పనివాళ్లలో కొందరు ఊరి బస్సెక్కుతున్నారు, కొందరు ఆసుపత్రిలో చేరుతున్నారు. ఇంట్లో ఎవరు దగ్గినా నా చూపు బాపు గది వైపు పోయేది.

బేరంలో నన్ను మించినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. హోల్‌సేల్ మార్కెట్లో సేఠ్‌లు నన్ను చూడగానే చాయ్ తెప్పిస్తారు, తొందరగా తెమలదని. అలాంటి నేను ఊరికే వేసే టీకాను సొంత తండ్రికి అమ్మలేకపోయాను.

"ఒక్క ఏడాదిల మందెట్ల తయారైతది? మనకు కొత్త డిజైన్‌కే సీజన్ పడ్తది."

"మందు నేసే మగ్గం పాతదే బాపూ. వేరే రోగాల కోసం ఏండ్ల సంది నడుపుతున్నరు. గీ పురుగు గుర్తులు దొరకంగనే డిజైన్ కార్డు మార్చిన్రు, గంతే."

పేపర్లో చదివినదాంట్లో సగమే నాకు అర్థమైంది. ఆ సగాన్నే నిండు తానులా పరిచాను.

"మంచిగ అమ్ముతున్నవ్. కమీషన్ ఏమన్న ఇస్తున్నరా? ముందుగాల నువ్వు ఏయించుకో. శాంపిల్ చూస్త."

వేయించుకున్నాను. సాయంత్రానికి జ్వరం. అంత ఎండల్లో శాలువా కప్పుకుని, వణుకు కనపడకుండా కౌంటర్ దగ్గర కూర్చున్నాను. బాపు వచ్చి నా మణికట్టు పట్టి చూశాడు.

"రంగు దిగుతున్నది" అని వెళ్లిపోయాడు.

తగ్గాక మళ్లీ మొదలుపెట్టాను. వైరస్ రూపం మార్చుకుంటోందని అప్పుడు వార్తలు.

"నువ్వు ఆగుతున్నవ్ గని పురుగు ఆగుతలేదు బాపూ. దాని రెండో లాట్ వచ్చేసింది."

"అయితే దానికి తగ్గ మందు కూడ వస్తది. గప్పుడు చూద్దాం."

ఇక నాకు ఓపిక పోయింది. వాదించడం మానేసి చీరలు మడతపెట్టుకున్నాను. ఆ వారమే పొరుగాయన వచ్చి, టీకా సెంటర్లో స్టాక్ లేదట, జనాన్ని వెనక్కి పంపుతున్నారట అని చెప్పాడు. బాపు లేచి చెప్పులేసుకున్నాడు.

"ఏంది, అయిపోయిందా? మనకు ఒక్కటి కూడ పెట్టలే?"

నా మాటలు చేయలేని పని కరువు చేసింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే లైన్లో నిలబడ్డాం. "స్టాక్ ఖతమ్, కాకా" అనేది నర్సు. "ఏక్ తో రఖా హోగా, బెన్" అని, ఒక్కటైనా దాచి ఉంటావు కదక్కా అన్నట్టు, కిటికీ వదలకుండా బతిమాలేవాడు బాపు. చివరికి ఒక ఉదయం దొరికింది.

స్కూటర్ మీద తిరిగొస్తుంటే అడిగాడు.

"రెండోది ఎప్పుడేస్తరు?"

"గడువు పెంచిన్రు బాపూ. ఆగి వేస్తే ఇంకా మంచిగ పనిచేస్తదట."

"నిజమేనా, మందు లేక చెప్తున్నరా?"

దానికి జవాబు అల్లగలను. మునుపైతే అల్లేదాన్నే.

"తెల్వదు బాపూ" అన్నాను.

ఆయన వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సరే తియ్. బండి పోనీ."