చిక్కుళ్లు తెచ్చింది నేనే

నా మొదటి ఉద్యోగం జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో పెరిగినదాన్ని. సెల్‌ఫోన్‌కు సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాల్సిన చోట నెల రోజులు కూడా ఉండలేనని ఇంట్లోవాళ్లు పందెం కాశారు. నాకేమో అక్కడ హాయిగా ఉండేది. తెలుగు చెప్పడం, మెస్ చూసుకోవడం, వార్షికోత్సవానికి నాటకం వేయించడం, మూడూ నా నెత్తినే వేశారు. పేనుకు పెత్తనమిస్తే ఏమవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

నాటకం నేనే రాశాను. ఒక ఊళ్లో ఆడపిల్లలు ఉన్నట్టుండి పడిపోతుంటారు. ఊరంతా ఏకమై ఒంటరి ముసలమ్మను మంత్రగత్తె అంటుంది. నింద వేసే పెద్దమనిషి నోట ఒక మాట పెట్టాను: "చెయ్యలే అంటే సరిపోతదా? చెయ్యలేదని రుజువేంది?" అది రాసిన రోజు మూఢనమ్మకాల నడుం విరిచేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను. పెద్దమనిషి వేషం తొమ్మిదో తరగతిలో అందరికంటే పొడుగైన పిల్లకిచ్చాను.

వార్షికోత్సవం ఇంకో వారం ఉందనగా ఆదివారం ఇంటికెళ్లి వస్తూ, ముదిగొండ వైపు రైతులు తెచ్చిన లేత చిక్కుళ్లు రెండు బస్తాలు బస్సు మీద వేయించుకొచ్చాను. రోజూ పప్పుచారే తినే పిల్లలు లొట్టలేస్తారనుకున్నాను. వంట చేసే ఆయమ్మ బస్తా మూతి విప్పి చూసి, "చిక్కుళ్లా? ఇప్పుడే వద్దు మేడం" అంది.

"పాడైపోతాయి ఆయమ్మా, ఈ పూట నుంచే వండెయ్" అన్నాను.

ఆమెది పక్కనే ఉన్న కోయగూడెం. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఉంటున్నదీ తింటున్నదీ ఆ వంటగదిలోనే. ఎదురు చెప్పకుండా వండింది. నేను నాటకం కాగితాల్లో తల దూర్చి మెస్ వైపు పోనే లేదు.

మర్నాడు మధ్యాహ్నం రిహార్సల్. పడిపోవాల్సిన చోట ఒక పిల్ల దబ్బున పడింది. "శభాష్!" అని చప్పట్లు కొట్టాను. ఆ పిల్ల లేవలేదు. పక్కనున్న పిల్ల కెవ్వుమని అరిచి తానూ పడింది. ఆ తర్వాత చూడ్డానికొచ్చిన పిల్లలు, నాటకంతో ఏ సంబంధమూ లేనివాళ్లు, చేతులు వణుకుతూ ఏడుస్తూ ఒకరి వెంట ఒకరు కూలబడ్డారు. అరగంటలో వరండా నిండిపోయింది. 

అప్పుడు మైదానపు ఊరి నుంచి వచ్చిన ఒక పిల్ల ఏడుస్తూ చెప్పింది: "ఆయమ్మనే ఏదో చేసింది మేడం. పొద్దుగాల చింతచెట్టు కింద ఏందో అన్కుంట మొక్కింది. నేను జూసిన."

పోయి చూశాం. మోదుగాకులో పసుపు బియ్యం, నాలుగు చిక్కుడుకాయలు, ఒక కోడిగుడ్డు. ఒక్క మనిషే అలా పెట్టడం గూడెం పిల్లలూ ఎప్పుడూ చూడలేదట, వాళ్లకూ అదేమిటో అర్థం కాలేదు. పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పే హెడ్మాస్టరు గారు ఆ ఆకుకు నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయారు. "తల్లిదండ్రులకు కబురు పోయింది. వాళ్లొస్తే ఆమెను బతకనియ్యరు. జల్దీ పంపించెయ్యుండ్రి మేడం, మళ్ల రావద్దని చెప్పుండ్రి" అన్నారు.

వంటగదిలోకి విసురుగా వెళ్లాను. ఆయమ్మ పొయ్యి దగ్గర ఉంది.

"ఆ ఆకు పెట్టింది నువ్వేనా?"

"అవ్ మేడం."

"పిల్లల్ని ఏం చేశావు?"

"ఏం చెయ్యలే."

"చెయ్యలేదంటే సరిపోతుందా? చెయ్యలేదని రుజువేంటి?"

వెనక గుమ్మంలోంచి చిన్న గొంతు వినిపించింది. "మేడం, గది నా డైలాగు."

పొడుగు పిల్ల. నన్నే చూస్తోంది, వెక్కిరింత లేకుండా, నిజంగా తికమకపడి. రుజువు అడిగాను గానీ, అసలు ఎందుకు పెట్టావని ఆ మనిషిని అడగనే లేదు. అక్కడున్న పీట మీద కూర్చుని అప్పుడడిగాను.

"కొత్త చిక్కుళ్లు ముందుగాల దేవతకు పెట్టాలె" అంది ఆయమ్మ. "ఊరంత గూడి పండుగ జేసినంకనే తింటం. పండుగింక గాలే. మా గూడెం పిల్లలు గా కూర ముట్టలే, కూర గరిటె తగిలిన అన్నం గూడ ముట్టలే. రాత్రి లేదు, పొద్దుగాల లేదు. ఆకలికి ఎట్ల ఉంటరు? అందుకే నేనొక్కదాన్నే పెట్టిన. తప్పయితే నాకే తగలాలె, పిల్లలను తిననియ్యుమని మొక్కిన."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇప్పుడే వద్దు అన్న గద మేడం."

మొదట పడింది గూడెం పిల్లే, రెండు పూటల ఆకలితో పడింది. మిగతావాళ్లు భయంతో పడ్డారు. బయటికొచ్చి పిల్లలందరి ముందూ, హెడ్మాస్టరు ముందూ చెప్పాను. చిక్కుళ్లు తెచ్చింది నేను, వద్దన్నా వండించింది నేను, ఆయమ్మ తప్పు ఏమీ లేదు, ఆమె ఎక్కడికీ పోదు. చెప్పడానికి సిగ్గేసింది, చెప్పాక ప్రాణం తేలికపడింది. హెడ్మాస్టరు పోయి గ్లాసులు తెచ్చారు.

ఎందుకంటే ఆయమ్మ నా ఉపన్యాసం కోసం ఆగలేదు. అప్పటికే బెల్లం వేసి జావ కాచేసింది. ఒక్కో పిల్ల తల ఒళ్లో పెట్టుకుని తాగించింది. మొదట పడిన పిల్ల సగం గ్లాసు తాగి లేచి కూర్చుంది. ఆమెను చూసి మిగతావాళ్లూ లేచారు. తల్లిదండ్రులు వచ్చేసరికి పిల్లలు రెండో గ్లాసు కోసం కొట్లాడుకుంటున్నారు.

అందరూ వెళ్లాక ఆయమ్మ చెయ్యి పట్టుకున్నాను. క్షమించమనబోయాను.

"నువ్వు పొద్దటి సంది ఏమన్న తిన్నవా బిడ్డా?" అంది.

తినలేదు. అడుగున మిగిలిన జావ గ్లాసులో పోసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"తాగు, ఏం కలపలే" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను.