జువ్విగూడెం బొడ్రాయి, మా అమ్మ పొత్రం

దయ్యాలూ మహిమలూ నేను నమ్మేవాణ్ణి కాదు. ఎవరైనా దయ్యం ఉందంటే, "ఉంటే రమ్మను, నాట్లకు కూలోళ్లు దొరుకుతలేరు" అనేవాణ్ణి. మూడో తరగతిలోనే బడికి దండం పెట్టాను కాబట్టి అది చదువు వల్ల వచ్చిన అపనమ్మకం కాదు, పుట్టుకతో వచ్చిన ఎకసెక్కం. అయినా ఈ ఒక్క సంగతి దగ్గర నా నోరు పడిపోతుంది.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు. మిర్యాలగూడ నుంచి త్రిపురారం వెళ్లే దారిలో మా జువ్విగూడెం, అప్పటికి ముప్పై గడపలు. మమ్మల్ని పక్కనున్న పెద్దూళ్లో కలిపేస్తారని కబురొచ్చింది. కలిస్తే మా పేరు కాగితం మీద ఉండదు. మా బోనాలు వాళ్ల బోనాల వెనక నడవాలి. వాళ్ల పటేలు పిలిచినప్పుడల్లా వెట్టికి పోవాలి.

విచారణకు వచ్చిన రెవెన్యూ అధికారి, గిర్దావరు, ఒకటే అడిగాడు. "మీది ఊరే అంటున్నరు. సబూత్ ఏది? బొడ్రాయి సూపెట్టుండ్రి. ఎల్లుండి మళ్ల వస్త."

బొడ్రాయంటే ఊరు కట్టేనాడు నడిబొడ్డున పాతే రాయి. అది లేనిది ఊరు కాదు. మా తాతల నాడు గత్తరకు, అంటే కలరాకు, జడిసి జనం గూడెం వదిలి, కొన్నేళ్లకు తిరిగొచ్చారు. రాయి మట్టిలో ఉందని అందరూ అంటారు, ఎక్కడో ఒక్కరూ చెప్పలేరు.

"లేకుంటే పుట్టిద్దాం మామా" అన్నాను మా మేనమామతో.

"దేవునితోని పరాచికాలా అల్లుడా?" అన్నాడు గానీ, గడ్డపార తనే తెచ్చాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, అందరూ పొలాల్లో ఉండగా, మా అమ్మ రోటి పొత్రం ఎత్తుకొచ్చి గూడెం నడుమ ఖాళీ జాగాలో మోచేతి లోతున పాతాం. గుర్తుకు పైన కుండపెంకు గుచ్చాం. రాయికి పసుపు పూయడం మరిచామని ఇంటికొచ్చాక తెలిసింది. మామ నన్ను తిట్టాడు, నేను మామను తిట్టాను.

గిర్దావరు వచ్చాడు. పెద్దూరి పటేలూ వచ్చి కుర్చీ వేయించుకున్నాడు. మామ పెంకు దగ్గర తవ్వడం మొదలుపెట్టాడు. మోచేతి లోతయింది, పొత్రం లేదు. కింద గట్టి నేల. మోకాటి లోతు, లేదు. మామ నా వైపు చూశాడు. నాకు జన్మలో మొదటిసారి ఏ పరాచికమూ తోచలేదు.

"ఏందిరా, మీ ఊరు పాతాళంల ఉన్నదా?" అని పటేలు నవ్వాడు.

నడుం లోతున గడ్డపార ఖంగుమంది. చుట్టూ మట్టి తీస్తే, నిలువుగా పాతిన నల్లరాయి. గిర్దావరు గోతిలోకి దిగి దాని తల తుడిచాడు. వేలికి పసుపు అంటింది. పచ్చి పసుపు, తడిగా ఉంది.

పటేలు లేచి చెప్పులు విడిచాడు.

ఆ సాయంత్రం మామా నేనూ గోతి మట్టంతా వేళ్లతో జల్లించాం. పొత్రం లేదు. సరే, ఎవరో చూసి తవ్వుకుపోయారనుకుందాం. మరి గడ్డపారకే ఒక పట్టాన లొంగని ఆ మట్టి కింద తడి పసుపు ఎవరు పూశారు? మామ పోయేదాకా ఒట్టేసి తాను కాదన్నాడు. మామ అబద్ధమాడడని కాదు, ఆడితే నా దగ్గర దాగదు.

జువ్విగూడెం పేరు కాగితానికెక్కింది. మా బోనాలు మా వాకిళ్ల నుంచే లేచాయి. మా అమ్మ మాత్రం ఏటా బొడ్రాయి దగ్గర బోనం దించి, రాయికి మొక్కి, నా వైపు తిరిగేది.

"ఊరు దొరికె, మంచిదే. నా పొత్రం ఏది కొడుకా?"