అయిదో మెట్టు మీది కర్ర

ఆ శనివారం పొద్దున్న బసిలియో గిటారు ఒళ్లో పెట్టుకుని ఆరు తీగలనూ ఒక్కొక్కటిగా వదులు చేశాడు. మరీ ఎక్కువ కాదు, రెండు మెట్లంత. పక్కన అతని చొక్కా ఇస్త్రీ చేస్తున్న భార్య రెమెదియోస్ తలెత్తకుండానే అడిగింది.

"ఇవాళ కూడానా?"

"ఇవాళే మరీ ముఖ్యం."

"ఆ ముసలాయన నీకు గుడి కట్టిస్తాడులే."

హెరెస్ ఊళ్లో, శాంతియాగో పేటలో, పాటగాడి పరువును జనం గిటారు మెడ మీద చూస్తారు. ఆ మెడ మీద వరసగా ఉండే లోహపు గీతలే మెట్లు; తీగలకు అడ్డంగా బిగించే చిన్న కర్రముక్క ఎన్నో మెట్టు మీద ఉంటే గొంతు అంత ఎత్తు పలుకుతుందని లెక్క. గాస్పర్ ముసలాయన సిగిరియా అనే ఆ శోకాల పాటను జీవితమంతా అయిదో మెట్టు మీదే పాడాడు. కర్ర నాలుగుకు దిగిందంటే చీకటి పడేలోగా ఆ కబురు ప్రతి వైన్ కొట్టుకూ చేరుతుంది.

ఒక చలికాలం న్యుమోనియాతో పడి లేచాక ఆ గొంతు అయిదుకు అందడం మానేసింది. పక్క కుర్చీలో కూర్చునే బసిలియోకే ఆ సంగతి ముందు తెలిసింది. ఎవరితోనూ అనలేదు. కర్రను అయిదు మీదే ఉంచి తీగల శృతి రెండు మెట్లు దించాడు. చూసేవాళ్లకు అయిదు, పాడేవాడికి మూడు. ఒక్క గిటారే ఉన్నచోట పోల్చి చూసేవాడెవడు?

వారమంతా పీపాలు చేసే పని, సెలవుల్లో గిటారు. ముప్ఫై ఏళ్లుగా అతనికి ఇదే బతుకు. ఎవరి పాటకైనా గిటారు వాయించినవాడి పేరు జనం అడగరు. కానీ మాద్రిద్ నుంచి రికార్డు కంపెనీ మనిషి అన్సెల్మో వచ్చి, గాస్పర్ పాటలతో ఒక రికార్డు వేస్తామన్నాడు. అట్ట మీద గాస్పర్ పేరు కింద బసిలియో పేరు కూడా అచ్చవుతుందన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి బసిలియో పీపా పలకల మీద చాక్‌పీసుతో తన పేరు రాసుకుని, తుడిచేస్తున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం పాటగాళ్ల క్లబ్బులో రికార్డు కోసం మైకులు పెట్టారు. పేట సగం గోడల వెంబడి నిలబడింది. అన్సెల్మో తనతో మాద్రిద్ గిటారిస్టు ఎలాదియోను తెచ్చాడు. రెండు గిటార్లుంటే నిండుగా ఉంటుందట. ఆ మాట బసిలియోకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఎలాదియో శృతిదండం మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తన తీగ మీటాడు. బసిలియో తీగ మీటమన్నాడు. మొహం చిట్లించాడు.

"అన్నా, మీది బాగా దిగిపోయింది. పూర్తిగా రెండు మెట్లు తక్కువ."

గాస్పర్ మెల్లగా బసిలియో వైపు తిరిగాడు. ఒక్క ముక్క చెబితే బసిలియో బయటపడతాడు. ఆ ముక్కతో ముసలాయన అందరి ముందూ కూలిపోతాడు.

"నా చెవి తప్పింది. ఈమధ్య సరిగ్గా వినపడటం లేదు," అన్నాడు బసిలియో.

చప్పట్లతో తాళం వేసే మనోలిన్ పకపకా నవ్వాడు. "పీపాలు బాదీ బాదీ చెవులు ఊడినాయిరా నీకు! ఇంకా నయం, పెళ్లాం తిట్లు వినపడవు."

అన్సెల్మో గడియారం చూసుకున్నాడు. "ఎలాదియో ఒక్కడే వాయిస్తాడు. మీరు అలా పక్కన కూర్చోండి, పెద్దాయనా."

బసిలియో లేచి గోడ దగ్గరికి నడిచాడు.

ఎలాదియో అయిదో మెట్టు మీద కర్ర బిగించాడు. ఈసారి అది నిజమైన అయిదు. గాస్పర్ పాట ఎత్తుకున్నాడు. పైస్వరం దగ్గర గొంతు కర్ర విరిగినట్టు విరిగింది. సోంపు సారా ఒక గుక్క తాగి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే విరిగింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

అప్పుడు గాస్పర్ ముందుకు వంగి, ఎలాదియో గిటారు మీది కర్రను తన చేత్తోనే సడలించి మూడో మెట్టుకు లాగి బిగించాడు. తడుముకోలేదు, ఒక మెట్టు అటూ ఇటూ చేసి చూసుకోలేదు.

"జలుబు చేసింది," అన్నాడు.

బసిలియో అతని కళ్లలోకి చూడబోయాడు. గాస్పర్ అటు తిరగలేదు. పాట అద్భుతంగా వచ్చింది.

బయట వీధిలో బసిలియో అతన్ని ఆపాడు.

"మామా, నీకు ముందే తెలుసు కదా."

"ఏం తెలుసురా?"

"తీగల సంగతి. తెలిసి కూడా నేను లేచి పోతుంటే చూస్తూ ఊరుకున్నావు."

గాస్పర్ టోపీ సర్దుకున్నాడు. "చెవిటోణ్ణని అన్నది నువ్వు. నేను అనలేదు."

క్రిస్మస్‌కు రికార్డు వచ్చింది. అట్ట మీద గాస్పర్ పేరు, ఎలాదియో పేరు, మనోలిన్ పేరు ఉన్నాయి. కుర్చీలిచ్చినందుకు క్లబ్బు యజమానికి కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. ఆ పేటలో పెట్టిన పేరు మనిషిని వదలదు. మనోలిన్ నోట పుట్టిన "చెవిటి బసిలియో" అన్న మాట పీపాల కొట్టు దాకా పాకింది. చెవిటివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే పాటగాడు ఎవడుంటాడు?

ఆ వేసవిలో అతన్ని రెండు పెళ్లిళ్లకు పిలిచారు. మరుసటి వేసవిలో ఒక్కదానికీ పిలవలేదు.