ఆ రోజు రాని ఘాటు

ముందే చెప్పేస్తున్నాను, దెయ్యాల కబుర్లంటే నాకు చిరాకు. గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకుని బతికేదాన్ని. ఎవరైనా వచ్చి అటక మీద ఎవరో నడుస్తున్నారంటే, ఎలకలమందు పెట్టుకోండని మొహం మీదే అనేస్తాను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది పర్చూరు దగ్గర ఒక పల్లె. మా తాతయ్య, అంటే అమ్మకి నాన్న, పేరు వీరయ్య. మిర్చి, పత్తి వేసేవాడు. ఆ రోజుల్లో జిల్లాలో ఒక పెద్ద అధికారి ఉండేవాడు. పేరు రాయను, ఆయన చేసినదానికి ఆయన మనవల్ని అని ఏం లాభం. వాగు పక్కన పేదలకి పంచాల్సిన బంజరుని తన వాళ్ల పేర రాయిస్తున్నాడని ఊరందరికీ తెలుసు. పిల్లి మెడలో గంట కట్టేవాడే లేడు. ఒక రోజు ఆయన ఊరికొస్తే మా తాతయ్య నలుగురిలో లేచి అడిగేశాడు.

ఊరంతా భుజం తట్టింది. ఇంతమంది కళ్లు పడ్డాయని అమ్మమ్మ ఇంటికి రాగానే ఆయన్ని కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే, దిష్టి లేకపోతే ఆ ఘాటుకి ఇల్లంతా దగ్గుతుంది. దిష్టి గట్టిగా తగిలితే ఎన్ని కాయలు కాల్చినా ఘాటు రాదు.

ఆ రోజు గుప్పెడు వేసినా రాలేదట. మా కల్లంలో ఎండిన కాయలే. తాతయ్య నవ్వి, "మెత్తబడి ఉంటాయిలేవే, అన్నం పెట్టు" అన్నాడట. అన్నం పెట్టేలోపే పోలీసు జీపు వచ్చింది. కాస్త మాట్లాడి పంపిస్తామని తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు.

స్టేషనుకి అడగడానికి వెళ్లిన ప్రతిసారీ ఒకటే జవాబు. మర్నాడే వదిలేశాం, ఎటో పారిపోయాడు. ఊరు మొదట్లో నమ్మలేదు. ఏళ్లు గడిచేకొద్దీ నమ్మింది. వైజాగులో ఇంకో ఆవిడతో చూశామని కూడా చెప్పుకున్నారు. కుండ నోటికి మూకుడు ఉంది గానీ ఊరి నోటికి లేదు కదా. అప్పటికి పసిపిల్ల అయిన మా అమ్మ, పారిపోయినోడి కూతురుగానే పెరిగింది. బడిలో అదే మాట, పెళ్లిచూపుల్లో అదే మాట.

పన్నెండేళ్లు కబురు లేకపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించేయొచ్చని పెద్దలు చెప్పడానికి వచ్చారు. అమ్మమ్మ చీపురు తీసింది. "పోయాడని తేలితే పిండం పెడతా. బతికున్నాడని తేలితే వెళ్లి జుట్టు పట్టుకుని అడుగుతా. ఏదీ తేలకుండా బొట్టు మీద చెయ్యి వెయ్యనివ్వను" అంది.

ఈ మధ్య ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆ అధికారి కాలంలో సీలు వేసి పెట్టిన దస్త్రాలు తెరుస్తారు, అన్యాయం జరిగిందనుకునే కుటుంబాలవాళ్లు వచ్చి చూసుకోవచ్చని. నేను వెంటనే దరఖాస్తు పెట్టాను. అమ్మమ్మకి ఎనభై దాటాయి. ఆవిడ ఉండగా ఏదో ఒకటి తేలాలి. నాకు కావాల్సింది అదొక్కటే.

ఒంగోలులో పాత పెంకుటి సర్కారు కచేరీ అది. ఎర్రగుడ్డల్లో కట్టిన కట్టలు గోడల నిండా ఉన్నాయి. అక్కడ పనిచేసే పద్మగారు ఓపిక ఉన్న మనిషి. అరెస్టులు, లాకప్పులు, ఫిర్యాదులు అని రాసున్న కట్టలన్నీ విప్పించారు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి బూజు మింగి తిరిగొచ్చాను. తాతయ్య పేరే లేదు. చివరికి ఒక రోజు పద్మగారు ఫోన్ చేసి, మర్నాటి నుంచి కట్టలు వేరే ఊరికి తరలిస్తున్నారండీ, ఒక్కసారి వచ్చి చూసుకోండి అన్నారు.

అమ్మమ్మ కూడా వస్తానని కారెక్కి కూర్చుంది. తోడుగా అమ్మ బయల్దేరింది. ఆషాఢం ముసురు, మధ్యాహ్నం. వాళ్లిద్దరినీ వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్లాను. పోలీసు వ్యవహారాల్లో మిగిలిన కట్టలు కూడా చూశాక పద్మగారు తల అడ్డంగా ఊపారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అమ్మమ్మకి ఈ మాట ఎలా చెప్పను?

అప్పుడు గొంతులో గరగర మొదలైంది. దుమ్మేమో అనుకున్నాను. అటెండరు దగ్గాడు. పద్మగారు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి ముగ్గురం ఊపిరాడకుండా దగ్గుతున్నాం, కళ్ల వెంట నీళ్లు. నిప్పుల్లో ఎండుమిరపకాయలు వేస్తే వచ్చే ఘాటు అది. గుంటూరులో ఉంటూ దాన్ని ఇంకోదానితో పొరపడతానా.

ఎవరు కాలుస్తున్నారో చూడమని అటెండర్ని పంపాం. కచేరీ చుట్టూ తిరిగి తడిసి వచ్చాడు. బయట వాన వాసన తప్ప ఏమీ లేదన్నాడు. వరండాలో కూడా ఏమీ లేదట. కరెంటు తీగలు చూశాం, కిటికీలు చూశాం. ఘాటు ఉత్తినే గాల్లోకి లేవదు, ఏదో ఒకటి కాలాలి. అక్కడ ఏదీ కాలడం లేదు.

మా దగ్గు విని అమ్మమ్మ లోపలికి వచ్చింది. పోపు పెడితేనే ఉక్కిరిబిక్కిరయ్యే మనిషి, దగ్గలేదు. గుమ్మంలో నిలబడి గుండెల నిండా పీల్చింది. "ఇప్పుడొచ్చిందే ఘాటు" అంది.

నెమ్మదిగా నడిచి మూలనున్న బీరువా దగ్గర ఆగింది. కింది అరలో ఒక కట్ట మీద చెయ్యి వేసింది. ఆవిడకి చదువు రాదు. పద్మగారు పైనున్న అట్ట చూసి, "అవి తుపానుకి పడిపోయిన ఇళ్ల కాగితాలండీ, మామ్మగారూ" అన్నారు. "తియ్యి తల్లీ" అంది అమ్మమ్మ.

తీశారు. పడిపోయిన ఇళ్ల కాగితాల మధ్య మా తాతయ్య ఉన్నాడు.

తీసుకెళ్లిన రాత్రే, దెబ్బలకి, లాకప్పులో ప్రాణం పోయిందని డాక్టరు రాసిన కాగితం ఉంది. వదిలేస్తే పారిపోయాడని రాసుకోండని ఆ అధికారి తన చేత్తో ఇచ్చిన ఆదేశం ఉంది. పైకి చదివాను. చదువుతుండగానే ఘాటు పోయింది. ఎప్పుడు పోయిందో ఎవరం గమనించలేదు.

అమ్మ గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మమ్మ ఒక్కటే అడిగింది, "అయితే తిథి తెలిసినట్టేనా?" తెలిసిందన్నాను. కట్టకి దణ్ణం పెట్టుకుంది.

వాడరేవులో సముద్రం ఒడ్డున కర్మ చేయించాం. తర్వాత అమ్మమ్మ ఊళ్లో భోజనాలు పెట్టి, అందరూ వింటుండగా ఆ కాగితాలు నా చేత చదివించింది. వైజాగు కథ పుట్టించిన సాంబయ్య ముసలాయన విస్తరి ముందు లేచి చేతులు జోడించాడు. "కూర్చుని తినరా. నువ్వు కట్టిన కథకంటే ఈ పప్పే నయం" అంది అమ్మమ్మ. ఆయనకి నెయ్యి కూడా వేయించింది. బొట్టు సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పురుగు పట్టకుండా కట్టలో ఎవరైనా మిరపకాయలు పెట్టారేమోనని ఆ రోజే విప్పి దులిపాం. ఒక్క గింజ రాలలేదు. రెండు సార్లు ఉతికితే గానీ చీరకి ఆ వాసన వదల్లేదని పద్మగారు ఇప్పటికీ అంటారు. ఆ కట్టే ఎందుకు చూపించావని అమ్మమ్మని అడిగాను. "అక్కడ ఆయన దగ్గుతున్నాడు కదే" అంది. మేమే కదా దగ్గింది అన్నాను. "మీ దగ్గు నాకు తెలీదా, ఆయన దగ్గు నాకు తెలీదా" అంది. దీనికి నా కెమిస్ట్రీలో జవాబు లేదు. వెతకడం కూడా మానేశాను.

దస్త్రాలు తెరిచినవాళ్లకి దణ్ణం. పద్మగారికి దణ్ణం. ఆ కాగితాలు తగలబెట్టమని ఎవరో చెప్పే ఉంటారు. తగలబెట్టకుండా తుపాను కట్టలో దాచిన ఆ చెయ్యి ఎవరిదో, ఆయనకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

మొన్న చీరాల బస్సులో పక్క సీటావిడ అమ్మని పుట్టింటి వివరాలు అడిగింది. ఇదివరకు అలా అడిగితే అమ్మ కిటికీలోంచి బయటకి చూసేది. ఈసారి ఆవిడ వైపు తిరిగి కూర్చుంది. "మా నాన్నగారు చనిపోయారండీ" అంది. ఆ మాట అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.