అమీర్ బాషా కుట్టిన సఫారీ

గూడూరు స్టేషను వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న అమీర్ బాషాకు చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. బట్టకు కొలతలు తీస్తూనే మనిషిని కూడా కొలిచి పారేసేవాడు. పెళ్లికోటు కుట్టించుకోవడానికి వచ్చినవాడి భుజాలు తడిమి, "కోటు సరే, మోసేదెవరబ్బా?" అనేవాడు. తిట్టుకుంటూనే జనం మళ్లీ అతని దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ వీధిలో తనకన్నా తెలివైనవాడు లేడని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరి దగ్గరా దాచుకోలేదు కూడా.

అలాంటివాడికి పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో నిమ్మకాయల మండీ దళారి యెహోషువ దొరికాడు. ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి చింపిన బొమ్మ తెచ్చి మిషను మీద పరిచాడు. ఖాకీ బట్టల్లో ఒక దొర, వెనకాల గడ్డిలో సింహం.

"బాషా భాయ్, ఇట్టాంటి జత కుట్టాల. చొక్కాకు ఎనిమిది జేబులుండాల. మా చిన్నాయన కొడుకు నైరోబీ రైల్వేలో ఉండాడు గదా, రమ్మంటా ఉండాడు. కెన్యాలో సఫారీకి పోతుండా."

"సఫారీ అంటే?"

"అడివిలో మోటారెక్కి తిరగతా సింహాల్ని చూసేది."

"సఫర్ అని చెప్పన్నా. ప్రయాణం. అది మా ఉర్దూ మాటే. సింహాన్ని చూసేదానికి ఇన్ని జేబులెందుకు? నిమ్మకాయలు పోసుకొని పోతావా?"

చొక్కా తయారైంది. కాజాలు ఎప్పటిలాగే ఇంట్లో భార్య మెహబూబున్నీసా కుట్టింది. యెహోషువ మాత్రం కదల్లేదు. ఆ ఏడు పాస్‌పోర్టు రాలేదన్నాడు. మరుసటేడు ఓడలో చోటు దొరకలేదన్నాడు. ఆ పైన కాపు విరగ్గాసింది, మండీ వదిలి పోలేనన్నాడు. మండీ గోడకు ఆఫ్రికా పటం కొట్టాడు. దోమతెర కొన్నాడు, నల్ల కళ్లద్దాలు కొన్నాడు. ఎవరైనా నిమ్మకాయల ధర అడిగితే సింహాలు ఏ వేళకు నీళ్లు తాగడానికి వస్తాయో చెప్పేవాడు. ఏటా వేసవిలో ఆ చొక్కా చంకన పెట్టుకొని బాషా దగ్గరికి వచ్చేవాడు, పొట్ట పెరిగింది కాబట్టి.

బాషా పక్కకుట్లు విప్పి వదులు చేసేవాడు. "సింహాల మాటేమో గానీ అన్నా, నిన్ను చూస్తే ఏనుగులు చుట్టరికం కలుపుకుంటాయి," అనేవాడు. సాయంత్రం టీ అంగడి దగ్గర యెహోషువ నడకంతా నడిచి చూపేవాడు. "మండీ నుంచి ఇంటికి, ఇంటి నుంచి చర్చికి. అదే ఆయన ఆఫ్రికా!" టీ అంగడంతా పగలబడి నవ్వేది.

ఇక బాషా మహానుభావుడి ఇంటి సంగతి. మెహబూబున్నీసా అక్క షాహిదాబీ కృష్ణపట్నంలో ఉండేది. తల్లి పోయాక చెల్లెల్ని ఎత్తుకుని పెంచింది ఆమే. ఆమె కళ్లు మసకబారుతున్నాయనీ, చూపుండగానే చెల్లెలి ముఖం ఒక్కసారి చూడాలని కలవరిస్తోందనీ ఎండుచేపలు తెచ్చేవాళ్లు కబురు చెప్పారు. కృష్ణపట్నమేమైనా కెన్యాలో ఉందా? పొద్దున బయల్దేరితే ఎండ తగ్గేలోపు సముద్రపు గాలి ముఖానికి తగులుతుంది.

"పోదామండీ," అని ఆమె అడిగేది. తోడు లేకుండా ఆమెను పంపడు, తాను రాడు.

పెళ్లిళ్ల కాలం, మిషను ఆపితే ఎట్టా అనేవాడు. పెళ్లిళ్లయితే రంజాను బట్టలు. అవీ అయితే వానలు. ఏ సాకూ దొరక్కపోతే, "మొహర్రం పోయి సఫర్ నెల వచ్చింది. ఈ నెల్లో ప్రయాణం అరిష్టం, తెలీదా?" అనేవాడు. మసీదుకు పండగకు తప్ప పోని మనిషికి ఆ ఒక్క నెల మీద మహా భక్తి! అసలు సంగతి వేరే. కొత్త ఊళ్లో అతని మాటలకు నవ్వేవాళ్లుండరు. అక్కడ అతను ఒట్టి చెల్లెలి మొగుడు.

ఒకసారి ఆ ఖాకీ చొక్కా ఇంట్లో కనపడితే, "మళ్లీ వచ్చిందా ఇది?" అంది ఆమె.

"సిగ్గులేని మనిషి. ఏళ్ల తరబడి పోతా పోతా అంటాడే గానీ గడప దాటడు."

ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత సూదిలో దారం ఎక్కించుకుంది. ఆ చూపేమిటో బాషాకు తట్టనే లేదు, అంత తెలివిగలవాడికి!

అరవై మూడు జూలైలో ఒక పొద్దున యెహోషువ ఎనిమిది జేబుల చొక్కా తొడుక్కొని, నల్ల కళ్లద్దాలు పెట్టుకొని, ట్రంకుపెట్టెతో అంగడి ముందు ఆగాడు.

"బొంబాయి పోయి ఆడ ఓడ ఎక్కుతుండా. పోయొస్తా భాయ్."

బాషా ఏమంటాడోనని వీధంతా చెవులు రిక్కించింది. బాషా, చొక్కాకు ఒక గుండీ వేలాడుతుంటే లేచి, అక్కడే నిలబెట్టి కుట్టి, దారం పంటితో తెంపాడు.

రైలు కూత వినపడ్డాక అతనికి ఒళ్లు మండింది. యెహోషువ మీద కాదు. ఆ బడాయిగాడు సముద్రం దాటబోతున్నాడు. తాను కృష్ణపట్నం దారిలోని ముత్తుకూరు దాకా కూడా పోలేదు. అంగడి మూసి ఇంటికి పోయి, "బయల్దేరు. మీ అక్కను చూసొద్దాం," అన్నాడు. మెహబూబున్నీసా ఎందుకని అడగలేదు, ఏ నెలని కూడా అడగలేదు.

రైలు దిగి బస్సెక్కి, బస్సు దిగి జట్కా ఎక్కి కృష్ణపట్నం చేరారు. షాహిదాబీ అరుగు మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకు తల తిప్పింది. కానీ వాళ్ల వైపు కాదు, కాస్త పక్కకు.

మెహబూబున్నీసా ఆమె ముందు కూలబడింది. అక్క చేతులు ఆమె నుదురు, ముక్కు, చెంపలు తడిమాయి.

"నువ్వేనే. చిక్కిపోయినావు. పోయిన రంజానుకు గూడా మసగ్గా కనపడతా ఉండిందే. ఇప్పుడేం లేదు." చేతులు తియ్యకుండానే, "బాషా వచ్చినాడా?" అంది.

"వచ్చినా వదినా."

"సఫర్ నెల్లో ప్రయాణం చేయవంట గదా, చేపలోళ్లు చెప్పినారు. ఇది ఏ నెలబ్బా?"



మెహబూబున్నీసా తన ముఖం మీది చేతుల్ని అలాగే పట్టుకొని చెప్పింది.

"సఫరే అక్కా."