కంపైలర్ నోరు మూయించిన రోజులు

ఆ రోజుల్లో నన్ను ఎవరైనా హెచ్చరిస్తే నాకు వాళ్ల మీద జాలి కలిగేది. ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చి ఆరు నెలలు కాలేదు, నాకు తెలియనిదంటూ ఏదైనా ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని గట్టి నమ్మకం. హెచ్చరించేవాళ్లలో మా మేనత్తది మొదటి పేరు. ఏ మాటనైనా 'జర పైలం', అంటే కాస్త జాగ్రత్త, అని ముగించేది కాబట్టి ఊరందరం ఆమెను పైలమత్త అనేవాళ్లం. బండెక్కితే పైలం, బస్సెక్కితే పైలం, వేడి చాయ్ తాగితే పైలం. (ఒకసారి నేను పడుకుంటానన్నా పైలమే అంది.) ఆమె ఫోన్ చేస్తే రెండో పైలం దాకా ఓపిక పట్టి, మూడోది రాకముందే పెట్టేసేవాణ్ణి.

నా మొదటి కొలువు కల్వకుర్తిలో, కాలిన మోటర్లకు మళ్లీ తీగ చుట్టే వైండింగ్ దుకాణంలో. దాని యజమానిని అందరం చాచా అనేవాళ్లం. తెలంగాణ వచ్చి, వ్యవసాయానికి రోజంతా కరెంటు ఇస్తున్న కాలమది. రైతు ఇంట్లోంచి మిస్డ్ కాల్ ఇస్తే చాలు, పొలంలో బోరు మోటరు నడిచే డబ్బా తయారు చేయాలని చాచా కోరిక. ఇనుప డబ్బా, వైర్లు ఆయన పని. లోపలి చిప్‌కు సీ భాషలో ప్రోగ్రాం రాయడం నా పని. నేను రాసింది చిప్‌కు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. అది మార్చినప్పుడల్లా తెర నిండా వార్నింగులు పోసేది.

"గీ రంగు రాతలేంది బేటా?" అని చాచా ఒకరోజు కళ్లద్దాలు పైకి జరిపి అడిగాడు.

"వార్నింగులు చాచా. తప్పులు గావు. జర పైలం అంటాంది, గంతే."

"అంటే ఇనరాదు మరి?"

"మా అత్త గూడ అంటది. అన్నీ ఇంటమా?" అని నవ్వి, వార్నింగులన్నీ ఆపేసే ఏర్పాటు ఒకటుంటే అది పెట్టేశాను. తెర శుభ్రమైపోయింది. అది నా ప్రతిభే అనుకున్నాను.

మొదటి డబ్బా అత్త బోరుకే బిగించాలనుకున్నాం. బోరులో నీళ్లయిపోతే మోటరు దానంతటదే ఆగాలి, పరీక్షిస్తే ఆగింది. ఎవరి కాల్‌కు నడవాలో తెలిసేందుకు డబ్బాలో రైతు ఫోన్ నంబరు రాసిపెట్టాను. ఆ తర్వాత చాచా, "మన దిక్కు రైతులు ఫోన్ నంబరు ముందట సున్నా పెట్టి రాసిస్తరు, డబ్బల గూడ గట్లనే పెట్టు," అన్నాడు. ఒక్క లైను చేర్చాను. కంపైలర్ ఏమీ అనలేదు. (పాపం, ఏమంటుంది?) మళ్లీ పరీక్షించే అవసరం నాకు కనబడలేదు.

బిగించిన నాలుగో రోజు మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది. "అల్లుడా, మోటరు గొంతు మారింది. పైపుల నీళ్లు లేవు, గాలి వస్తాంది."

"ఫికర్ చెయ్యకత్తా. నీళ్లు లేకుంటే డబ్బనే బంద్ చేస్తది."

"చేస్తలేదు గదరా!"

"జర ఆగు, చేస్తది."

"నీ డబ్బ మాట నువ్విను, నా మోటరు మాట నేనింట," అని అత్త ఫోన్ పెట్టేసింది. పైలం అనకుండా పెట్టేయడం అదే మొదటిసారి. అప్పుడు నాకు భయమేసింది.

చాచా బండి మీద ఇద్దరం పొలానికి చేరేసరికి, అత్త కట్టెతో మెయిన్ స్విచ్ కిందికి గుంజేసి పక్కనే కాపలా కూర్చుని ఉంది. నీళ్లు లేకుండా తిరిగితే మోటరు కాలిపోతుంది. కాలితే బోరులోంచి తీసి, మళ్లీ చుట్టి, దించేదాకా కాయ ఊరుతున్న పల్లిచేను ఆగదు. ఆ రెండెకరాలకు ఆ ఒక్క బోరే దిక్కు. చాచా వైర్లకు మీటరు పెట్టి చూస్తున్నంతసేపూ అత్త ఆయన మొహం చూసింది, నేను నేల చూశాను. "బచ్‌గయా, కాలలే. ఇంకో పది నిమిషాలైతే ఖతమే," అన్నాడు. సాయంత్రం దాకా బోరును ఊరనిచ్చి మోటరు వేస్తే పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు పోసింది. అత్త ఆ నీళ్లతో మొహం కడుక్కుంది. కళ్లు తుడుచుకోవడానికేనని నాకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

గట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచి వార్నింగులు మళ్లీ వచ్చేలా చేశాను. నలభైకి పైగా వచ్చాయి. వాటి మధ్యలో ఒకటి, నేను సున్నా చేర్చిన లైను నంబరు చెప్పి మరీ, 'పదకొండు గదులున్న చోట పన్నెండు రాస్తున్నావు' అంటోంది. పది అంకెలకు చిప్ జ్ఞాపకంలో పది గదులు, నంబరు అయిపోయిందని చెప్పే గుర్తుకు ఒకటి. అంతే కేటాయించాను. సున్నా వచ్చి ముందు కూర్చునేసరికి చివరి గుర్తు పోయి పక్క గదిలో పడింది. ఆ గదిలో ఉన్నది 'నీళ్లు లేకపోతే ఆపు' అన్న ఆజ్ఞ. అది కాస్తా చెరిగిపోయింది.

చాచా అంతా విని, "దాని నోరు మూసినవ్ బేటా, తప్పు మూయలే," అన్నాడు. తన మీటరు సంచిలో సర్దుకున్నాడు. (తిట్టి ఉంటే బాగుండేది.)

ఆ గదులు పెంచడం నిమిషం పని. మిగతావి ఒక్కొక్కటే చదివి సరిచేయడానికి మూడు రోజులు పట్టింది. చాలావరకు ఉత్తవే గానీ, మరో రెండు అలాంటి ప్రమాదాలే. డబ్బా మళ్లీ ఎవరి బోరుకు పెట్టాలో తెలియక చాచా, నేను తటపటాయిస్తుంటే అత్తే, "నా బోరుకే పెట్టుండ్రి. మందిది కాలితే పాపం," అంది. బిగిస్తుంటే పక్కన నిలబడి అడిగింది.

"గిప్పుడు గదేమంటాంది?"

"ఏమంటలేదత్తా."

"అంటలేదా, నువ్వే అననిస్తలేవా?"

ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి, వార్నింగులన్నీ వచ్చేలా పెట్టి ఆమె కళ్ల ముందే మళ్లీ కంపైల్ చేశాను. అక్షరం ముక్క చదవలేని అత్త ఆ ఖాళీ తెరను చాలాసేపు పరీక్షగా చూసి, "సరె, పెట్టు," అంది. ఆ ఏడు పల్లికాయ బాగా వచ్చింది. మొదటి బుట్ట అత్త చాచా ఇంటికి పంపింది.

ఇప్పుడు ఆ దుకాణం పైన మా డబ్బాల పనికి రెండు గదులున్నాయి. ఒక్క వార్నింగున్నా పని ముందుకు సాగకుండా కట్టుదిట్టం చేశాను. అత్త ఫోన్ చేస్తే అన్ని పైలాలూ విని, ఆమె పెట్టాకే పెడతాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి శుభ్రమైన తెర చూపించి, "సార్, ఒక్క వార్నింగ్ గూడ రాలే," అంది. "రాలేదా, నువ్వే రానియ్యలేదా?" అని అడిగాను. ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నవ్వుకుంటూ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.