మూడున్నర డిగ్రీల వాలు

మడకశిర బస్టాండు వెనక వీధిలో వడ్రంగం చేసే వీరేష్‌కు ఆ పేరు ఎవరు పెట్టారో గాని, పేరులోని వీరం మనిషిలోకి మాత్రం దిగలేదు. మీద బల్లి పడితే పంచాంగం వెతుక్కుంటాడు. కుక్క మొరిగితే పక్క సందులోంచి ఇల్లు చేరతాడు. బస్సెక్కితే డ్రైవరు కునుకు తీయకుండా చూసే పూచీ తనదే అన్నట్టు హిందూపురం దాకా రెప్ప వేయడు. నలభై నాలుగేళ్లొచ్చినా ఎక్కడన్నా గొడవ జరుగుతుంటే ఆ దరిదాపుల్లో కనబడడు. అలాంటి మనిషి చేతికే ఎర్రబండపల్లి అమ్మవారి ముఖం వచ్చి పడింది.

అతని అంగట్లో ఒక సన్నరంపం మిషన్ ఉంది. డబ్బా మీద స్క్రోల్ సా అని రాసి ఉంటుంది, ఊళ్లో ఎవరూ అలా అనరు. దారమంత సన్నటి బ్లేడు నిలువుగా నిలబడి పైకీ కిందికీ ఆడుతుంటే, చెక్కను దాని చుట్టూ తిప్పుతూ లతలు, నెమళ్లు, ఇంటిపేర్ల అక్షరాలు, దేవుడి గూళ్ల జాలీలు కోస్తాడు. పదిసార్లు కొలిచి ఒకసారి కోసేవాణ్ణి మంచి పనివాడు అంటారు. వీరేష్ పదిసార్లు కొలిచి, చెంబెడు నీళ్లు తాగి, మళ్లీ కొలిచి అప్పుడు కోస్తాడు. నిజం చెప్పాలంటే ఇన్నాళ్లూ ఆ ఇంటికి అన్నం పెట్టింది ఆ భయమే.

అది పుట్టుకతో వచ్చింది కాదు. అతనికి పదకొండేళ్లప్పుడు వాళ్ల నాయన ఈశ్వరప్ప ఒక ఊరి తేరుకు పలక కోస్తుంటే, ముహూర్తం దాటిపోతోందని పెద్దలు తొందరపెట్టారు. ఆయన కాదనలేక రంపం వేశాడు. పలక నిలువునా చీలింది. ఆ ఏడు వాన రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. ఈ సీమలో వాన రాకపోవడం వింతేమీ కాదు. కాని కురవని వానకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి గదా, ఆ ఊరు ఈశ్వరప్పను అడిగింది. సంతలో ఎదురుపడిన ఆడవాళ్లు కూడా ముఖం మీదే అడిగారు. పనికి పిలిచేవాళ్లు కరువై ఆయన బెంగుళూరు పక్కన ఇటుకల బట్టీకి పోయాడు, మళ్లీ ఉలి పట్టలేదు. నాయన ముఖం మీద ఆ మాటలు పడుతుంటే పక్కనే నిలబడి చూసిన పిల్లవాడే ఈ వీరేష్.

జాతర ఇంకా ఐదు రోజులుందనగా ఎర్రబండపల్లి పెద్దమనిషి రామప్ప కొత్త తువ్వాలలో చుట్టి అమ్మవారి పలక తెచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, మాట కరుకు. అరంగుళం మందం వేపపలక మీద రంగులతో దిద్దిన ముఖం అది. జాతరనాడు దాన్ని నెత్తిన పెట్టుకొని ఊరంతా తిప్పుతారు. ఎడమ బుగ్గను చెదలు తినేశాయి.

"అమ్మ ఒంటికి వేరే కట్టె తగలగూడదప్పా," అన్నాడు రామప్ప. "గుడి యెనక యాపచెట్టు నిరుడే ఎండిపాయ. దాంట్లో మిగిలింది ఈ ముక్కొకటే. ఇది చెడిపాయనంటే ఇంగ ల్యేదు."

అరచేతి వెడల్పు ముక్క అది. తనవల్ల కాదని చెబుదామని వీరేష్ నోరు తెరిచాడు. తీరా తెరిచాక "సరే పెద్దాయనా" అని వచ్చింది. రామప్ప వెళ్లాక పెళ్లాం జయంతి నడుం మీద చేయి పెట్టుకొని నిలబడింది.

"ఒప్పుకునేటప్పుడు నోరు యాడ పెట్టినావయ్యా?"

"భయమయ్యె."

"వద్దనేదానిక్కూడా భయమేనా?"

"దానికే ఎక్కువ భయం," అన్నాడు వీరేష్. అబద్ధం కాదు.

పని వినడానికి సులభమే. కొత్త ముక్కను చెదలు తిన్న చోట పలక మీద అంటించి, రెండింటినీ కలిపి ఒకేసారి గుండ్రంగా కోయాలి. పై ముక్కలోంచి వచ్చిన బిళ్ల, కింది పలకలో పడిన కంతలో కూర్చోవాలి. బ్లేడు నిట్టనిలువుగా కోస్తే అది తిన్నంత మేర సందు మిగిలి బిళ్ల లొటలొటలాడుతుంది. అందుకని మిషన్ బల్లను ఒక పక్కకు రవ్వంత వాల్చాలి. అప్పుడు బిళ్ల సీసా బిరడాలాగా పైన వెడల్పుగా, కింద సన్నంగా తెగుతుంది. నొక్కితే దిగి బిగుసుకుంటుంది. వాలు తక్కువైతే జారి కింద పడుతుంది, ఎక్కువైతే సగంలో ఆగి బుగ్గ వాచినట్టు నిలుస్తుంది. చెక్కను ఏ పక్కకు తిప్పుతూ కోయాలన్నదీ ముఖ్యమే. అది తారుమారైతే బిరడా తలకిందులైపోతుంది, ఇక బిళ్ల ఎంత బాగా కోసినా అమ్మవారి బుగ్గలో కంతే మిగులుతుంది.

మిషన్‌కు అంటించి ఉన్న డిగ్రీల పట్టీని వీరేష్ నమ్మడు. ఒక మందపాటి తునకకు ముందువైపు నుంచి చిన్న గాటు పెట్టి, దాన్ని వెనక్కి తిప్పి బ్లేడు వీపుకు ఆనించి చూశాడు. బల్ల సరిగ్గా ఉంటే ఆ గాటులో బ్లేడు సాఫీగా దూరాలి. దూరలేదు. పట్టీ సున్నా చూపిస్తున్నా బల్ల ఒక పక్కకు ఒరిగే ఉంది. దాన్ని సరిచేసి, అసలు సున్నా ఎక్కడో గీత గీసుకొని, అక్కడి నుంచి వాలు పెంచుతూ పోయాడు. అదే మందం ఉన్న వేపతునకలు జంటలు జంటలుగా కోశాడు. మూడు డిగ్రీల దగ్గర బిళ్ల జారిపోయింది. నాలుగు దగ్గర గోరంత ఎత్తున నిలిచింది. మూడున్నర దగ్గర టక్కుమని కూర్చుంది. ఒకటి చాలదని అదే వాలు మీద నాలుగు కోశాడు. ఆ తర్వాత ఒక జంటను కావాలనే తప్పు దిక్కుకు తిప్పి కోశాడు. చెడిపోయేది ఎట్లా చెడిపోతుందో కళ్లారా చూస్తే తప్ప అతనికి చేతులు ఆడవు.

కోయాల్సిన రోజు పొద్దున పది గంటలకే రామప్ప దిగాడు. చెప్పులు బయట విడిచి, మిషన్ ముందు కర్పూరం వెలిగించి, స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"అమ్మ పని జరిగేటప్పుడు ఊరి మనిషొకడు కండ్లెదురుగా ఉండల్ల. అది మా కట్టడి."

వీరేష్ స్టూలు వైపు చూశాడు. ఒంటరిగా అయితే భయం ఒకటే తోడు. ఇప్పుడు దానికి రెండు కళ్లు వచ్చి స్టూలు మీద కూర్చున్నాయి. వేళ్లు చెమటతో జారుతుంటే లుంగీకి తుడుచుకున్నాడు. బుగ్గ మీద అంటించిన కొత్త ముక్కపై గీసిన గీత పక్కన సన్న బెజ్జం వేసి, బ్లేడును అందులోంచి ఎక్కించి బిగించాడు. స్విచ్చి వేయబోయి, వాలు మరోసారి చూసుకున్నాడు. మూడున్నర. వేశాడు.

బ్లేడు అమ్మవారి ముఖంలోకి దిగింది. ఆ గరగర శబ్దం తన పళ్లలోనే పుడుతున్నట్టు అనిపించింది వీరేష్‌కు. పలకను నెమ్మదిగా ఎడమకు తిప్పుతూ ఒక అంగుళం దాకా కోశాడో లేదో, రామప్ప స్టూలు తన్నేసి లేచాడు.

"ఆపప్పా! ఆపు!"

వీరేష్ ఆపేశాడు.

"అమ్మను ఎడమకు తిప్పుతాండావే! సావింట్లో తిరిగినట్ల తిప్పుతావా? కుడికి తిప్పి కోయి. ప్రదక్షిణం తప్పితే ఊరికి అరిష్టం!"

"సరే" అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. చేయి కూడా పలకను అటు తిప్పడానికి కదిలింది. కుడికి తిప్పితే ఏమవుతుందో అతనికి తెలుసు. కోసిన అంగుళం ఒక తీరు, మిగతాది ఇంకో తీరు, మధ్యలో బిళ్ల నిలవడానికి చోటే ఉండదు. మళ్లీ కోద్దామంటే వేరే ముక్క లేదు. అయినా సరే, పెద్దాయన చెప్పాడు, తాను చేశాడు, తప్పు తనది కాదు అనుకోవచ్చు. ఆ ఆలోచన ఎండలో నీడలా హాయిగా తోచింది. మరుక్షణం నాయన గుర్తొచ్చాడు. ఆయన కూడా పెద్దలు చెప్పిందే చేశాడు. ఆనాడు తొందరపెట్టిన వాళ్ల పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు. రంపం పట్టినవాడి పేరే మిగిలింది.

వీరేష్ వంగి బల్ల కింద చిత్తుముక్కల్లో వెతికి, తప్పు దిక్కుకు కోసిన జంటను తీశాడు. కంత ఉన్న తునకను రామప్ప ముందు పట్టుకొని బిళ్లను అందులో పెట్టాడు. బిళ్ల ఎక్కడా ఆగకుండా జారి రామప్ప పాదం మీద పడింది.

"ఏమిది?"

"నువ్వు చెప్పినట్ల తిప్పింది, పెద్దాయనా," అన్నాడు వీరేష్. ఈసారి మాట పూర్తిగా వచ్చింది.

రామప్ప ఆ బిళ్లను తీసుకొని చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలోనూ బెదురు కనబడింది. ఒకపక్క కంత, ఇంకోపక్క కట్టడి. రెండింటి మధ్య ముసలాయన ఇరుక్కుపోయాడు.

"అయినా ఎడమకు..." అన్నాడు సగం గొంతుతో.

వాకిట్లోంచి జయంతి వచ్చింది. "తాతా, పలక కదలకుండ పట్టుకుంటా. నీ వేలే రంపమనుకో. కోసిన గీతెమ్మడి పోనియ్."

ఆయన వేలు కోతగీత మీద పెట్టి, అక్కడి నుంచి పెన్సిలు గీత వెంట నెమ్మదిగా చుట్టూ నడిపించింది. "యా పక్కకు తిరుగుతాంది?"

రామప్ప తన వేలిని తానే నమ్మలేనట్టు చూశాడు. "కుడికే."

"మరింక? అమ్మ కూచున్నచోటే కూచునుండాది. రంపమే ఆమె సుట్టూ తిరుగుతాంది, సవ్యంగానే."

ముసలాయన మరోసారి వేలు తిప్పి చూసుకున్నాడు. పడిపోయిన స్టూలు నిలబెట్టి కూర్చున్నాడు. "కానీ, ఆచారీ. ఇంగ నేను నోరెత్తను. అమ్మ నీ చేతిలో ఉండాది."

అందరూ అనుకుంటారు, ఇక్కడితో భయం తీరిందని. వీరేష్‌కు అసలు భయం ఇక్కడే మొదలైంది. రామప్ప కోపంతో పలక తీసుకొని వెళ్లిపోతే బాగుండునని ఇంతసేపూ లోలోపల ఆశపడ్డాడు. ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఏది జరిగినా తనే చేసినట్టు. స్విచ్చి మీద చేయి పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. జయంతి పక్కన నిలబడింది. వేశాడు.

ఎంతసేపు కోశాడో అతనికి తెలియదు. ఊపిరి పీల్చాలని మధ్యమధ్యలో గుర్తుచేసుకోవాల్సి వచ్చింది. చెమట కంట్లోకి దిగినా తుడుచుకోలేదు. గీత మొదలైన బెజ్జం దగ్గరికి బ్లేడు తిరిగి చేరగానే చెదలు తిన్న పాత బుగ్గ కిందికి రాలింది. రామప్ప దాన్ని కళ్లకద్దుకొని తువ్వాల కొంగున ముడివేసుకున్నాడు.

కొత్త బిళ్లను విడదీసి, పొట్టు ఊది, అంచుకు జిగురు రాసి కంతలో పెట్టాడు. సగం దిగి ఆగింది. బొటనవేలితో నొక్కాడు. కదల్లేదు. కోసేటప్పుడు ఎక్కడన్నా పొరపాటు జరిగి వాలు మారిపోయిందా? ఎక్కువ నొక్కితే పాత పలక పగులుతుంది, నొక్కకపోతే బుగ్గ ఉబ్బి ఉంటుంది.

"నొక్కయ్యా," అంది జయంతి మెల్లగా.

రెండు బొటనవేళ్లూ ఆనించి, ఒంటి బరువంతా వేశాడు. టక్ మంది. విరిగిన శబ్దమో, కూర్చున్న శబ్దమో తెలుసుకునే ధైర్యం లేక వేళ్లు అక్కడి నుంచి తీయలేదు. రామప్పే ఆ చేతులు విడిపించి పలక అందుకున్నాడు. వీధిలోకి పోయి, మిట్టమధ్యాహ్నపు సూర్యుడికి అడ్డంగా దాన్ని రెండు చేతులా పైకెత్తాడు.

వీరేష్ గుమ్మంలోనే నిలబడి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వీధిలో చప్పుడు లేదు. రామప్ప ఏమీ అనడం లేదు. అనకుండా ఇంతసేపు ఎవరుంటారు?

చివరికి ముసలాయన గొంతు వినబడింది, ఎప్పటి కరుకు లేకుండా. "కండ్లు తెరు, ఆచారీ. యాడా సందు ల్యేదు. రవ్వంత ఎలుతురు గూడా రాలే."

వీరేష్ కళ్లు తెరవలేదు.

"ఇంకో తూరి చూడు, పెద్దాయనా," అన్నాడు.